పార్సిల్ కోసం ఎంతసేపు ఆగాలి?

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1989లో ఒక పిజ్జా డెలివరీ డ్రైవర్ ఎర్రలైటు పడినా ఆగకుండా దూసుకెళ్లి, ఒక మహిళ కారును ఢీకొట్టాడు. 30 నిమిషాల్లో పిజ్జా ఇంటికి చేరుస్తామని డామినోస్ కంపెనీ హామీ ఇస్తున్న రోజులవి. ఆమె కోర్టుకెక్కింది. 1993 డిసెంబరులో జ్యూరీ 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే కంపెనీ అమెరికాలో ఆ హామీని ఎత్తేసింది.

పిజ్జా వేడిగా తినాలనుకోవడం పాపమా? కానే కాదు. కానీ ఆ 30 నిమిషాల లెక్క వేసినప్పుడు కొనేవాడి ఆకలి గుర్తొచ్చింది, అమ్మేవాడి లాభం గుర్తొచ్చింది. బండి నడిపేవాడు, రోడ్డున పోయేవాళ్లు ఎవరికీ గుర్తురాలేదు. ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఎంత త్వరగా కోరడం న్యాయం అన్న ప్రశ్న పైకి వ్యాపార విషయంలా కనిపించినా, నిజానికి ధర్మానికి సంబంధించినది. మన సౌకర్యం కోసం ఇంకొకరిని ఎంతవరకు పరుగెత్తించవచ్చు?

మన దేశంలో తపాలా శాఖ 1877లోనే వీపీపీ (వస్తువు అందుకున్నప్పుడు డబ్బు కట్టే పద్ధతి) మొదలుపెట్టింది. పుస్తకానికో మందుకో ఉత్తరం రాసి వారాల తరబడి పోస్ట్‌మ్యాన్ కోసం చూసిన తరాలున్నాయి. 1986లో స్పీడ్‌పోస్ట్ వచ్చింది. 2005లో అమెజాన్ అమెరికాలో ప్రైమ్ చందాదారులకు రెండు రోజుల్లో సరుకు చేర్చడం మొదలుపెట్టింది. 2021 డిసెంబరులో, ఇంటి సరుకులు చేరవేసే గ్రోఫర్స్ సంస్థ త్వరిత డెలివరీయే లక్ష్యంగా బ్లింకిట్‌గా పేరు మార్చుకుంది. ఆ తర్వాత 10 నిమిషాల డెలివరీ హైదరాబాద్ లాంటి నగరాల్లో మామూలు మాటైపోయింది. వారాలు రోజులయ్యాయి, రోజులు నిమిషాలయ్యాయి. పాలూ పెరుగూ పది నిమిషాల్లో వస్తుంటే, రెండు రోజుల్లో రావాల్సిన చొక్కా మూడో రోజు వస్తే కోపం వస్తోంది.

ఈ తొందర గురించి మన మతాలు ఎప్పుడో ఆలోచించాయి. జైన సాధువులకు విధించిన అయిదు సమితుల్లో, అంటే జాగ్రత్త నియమాల్లో, మొదటిది ఈర్యా సమితి. అడుగు వేసే ముందు ఎదురుగా నాలుగు మూరల నేల చూసుకుని, చీమనైనా తొక్కకుండా నడవాలన్నది దాని సారం. కొలనుపాకలాంటి ప్రాచీన జైన క్షేత్రం ఉన్న తెలుగు నేలకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. హింస చేయాలన్న ఉద్దేశం లేకపోయినా వేగం వల్ల హింస జరుగుతుందని ఆ నియమం గుర్తించింది. భగవద్గీత పదహారో అధ్యాయంలో దైవీ సంపదను వివరించేటప్పుడు అహింస, సత్యం, క్షమ, ధృతి ఒకే వరుసలో వస్తాయి. ఓర్పును అహింస పక్కన కూర్చోబెట్టడంలో లోతైన అర్థముంది. మనం ఆగగలిగితే అవతలివాడి ఒంటికి దెబ్బ తగలకుండా ఉంటుంది.

యూదుల సబ్బాతు నియమం ఇంకా సూటిగా ఉంటుంది. వారంలో ఒక రోజు విశ్రాంతి యజమానికే కాదు, అతని పనివాళ్లకూ, ఊళ్లో ఉండే పరదేశికీ, పశువులకూ ఇవ్వాలి. తాను కూర్చుని ఇతరులచేత పని చేయించుకుంటే అది విశ్రాంతి దినం అనిపించుకోదు. ఆదివారం సోఫాలో కూర్చుని, జోరువానలో చిప్స్ ప్యాకెట్‌కు ఆర్డర్ పెట్టేవాళ్లంతా ఒకసారి తలచుకోవాల్సిన నియమమిది.

ఈ తొందర మీద వచ్చే విమర్శకు కంపెనీలు ఇచ్చే జవాబు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. డార్క్ స్టోర్లు (ఆన్‌లైన్ ఆర్డర్ల కోసమే నడిపే చిన్న గోదాములు) కస్టమర్ ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉంటాయని, సరుకు సర్దడానికి రెండు మూడు నిమిషాలే పడుతుందని, కాబట్టి బండి వేగంగా తోలాల్సిన పని లేదని అవి అంటాయి. దూరం తక్కువన్న మాట నిజమే. అయితే సంపాదన ఆర్డర్ల సంఖ్య మీద ఆధారపడినప్పుడు, ఇన్సెంటివ్ అందాలంటే ఇన్ని ట్రిప్పులు పూర్తి చేయాలన్నప్పుడు, కస్టమర్ ఇచ్చే రేటింగ్ తలమీద ఉన్నప్పుడు, వేగంగా తోలమని ఎవరూ చెప్పకపోయినా చెయ్యి యాక్సిలరేటర్ తిప్పుతుంది. 2025 డిసెంబరు చివర్లో దేశంలో అనేక నగరాల డెలివరీ కార్మికులు పది నిమిషాల విధానాన్ని ఎత్తేయాలని సమ్మె చేశారు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి జోక్యం తర్వాత బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి ఆ మాట తీసేసింది. ప్రకటన పోయినంత మాత్రాన కొనేవాడి మనసులోని గడియారం ఆగదు. దాన్ని సరిచేసుకోవాల్సింది కొనేవాడే.

ఓర్పు పేరు చెప్పి అమ్మేవాడి అబద్ధాన్ని సహించమనడం మాత్రం ధర్మం కాదు. నాలుగు రోజులన్నవాడు నాలుగు రోజుల్లో పంపాలి, లేదా ఆలస్యమవుతుందని ముందే చెప్పాలి. అది సత్యానికి సంబంధించిన బాధ్యత. మన దేశంలో 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం డెలివరీ వివరాలు కొనేవాడికి తెలియజేయాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అమెరికాలో 1975 నుంచి ఉన్న నియమం ప్రకారం గడువు చెప్పని అమ్మకందారు 30 రోజుల్లో సరుకు పంపాలి, కుదరకపోతే ఆలస్యానికి కొనేవాడి సమ్మతి తీసుకోవాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. నిలదీయాల్సింది సంస్థను. గుమ్మం ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డ కుర్రాడికి గోదాములో జరిగిన ఆలస్యంతో సంబంధం లేదు. కోపం అతని మీద చూపించి ఒక్క స్టార్ ఇవ్వడం అన్యాయం.

మరి ఎంత ఆశించాలి? వస్తువు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. నగరంలోని గోదాములో ఉన్నది ఒకటి రెండు రోజుల్లో రావచ్చు. అదే వస్తువు మన్యం ఊరికి చేరాలంటే లారీ మారాలి, కొరియర్ చేతులు మారాలి, వారం పట్టినా సమంజసమే. పోచంపల్లి నేతగాడి దగ్గర చెప్పి నేయించుకునే చీరకు నెల పట్టవచ్చు. దసరా, దీపావళి అమ్మకాలప్పుడు, వరదలొచ్చినప్పుడు ఇంకొన్ని రోజులు కలుపుకోవాలి. ప్రాణం మీదికొచ్చిన మందు తొందరగా రావాల్సిందే, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. మిగతా చాలా సరుకులు రేపు వచ్చినా ఇంట్లో పొయ్యి ఆగదు.

అందుకే కొనేవాళ్లకు ఒక విన్నపం. యాప్‌లో నిదానమైన డెలివరీని ఎంచుకునే వీలుంటే దాన్నే ఎంచుకోండి. వాన పడుతున్నప్పుడు అత్యవసరం కాని ఆర్డర్‌ను మర్నాటికి వాయిదా వేయండి. ఆలస్యంగా వచ్చిన మనిషికి ముందు మంచినీళ్లు ఇవ్వండి. ఫిర్యాదు ఉంటే సంస్థకే రాయండి.