వైద్యధర్మము – పద్దుపుస్తకము

కరుణచే వైద్యము సేయువాఁడే ఉత్తముఁడనియు, చికిత్సను సరకువలె విక్రయించువాఁడు బంగారము విడిచి ధూళిని గైకొన్నవాఁడనియు చరకసంహిత చెప్పుచున్నది. దీనినిబట్టి పద్దుపుస్తకము ముట్టుటయే వైద్యునికి దోషమని తలఁచువారు కలరు, నేనంగీకరింపను. ఉదయమే వచ్చిన ముదుసలి మధ్యాహ్నమువఱకు బల్లపైఁ గూర్చుండి, తన చీటీ యెక్కడనో తప్పిపోయినదని విని తిరిగిపోవుచో, వైద్యుని హృదయమెంత మెత్తనిదైన నేమి? 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ నేత్రవైద్యశాలను స్థాపించిన గోవిందప్ప వెంకటస్వామిగారు శ్రీ అరవిందుల అనుయాయులు. సేవను సాధనగా నెంచియే, కాలమెచ్చట వృథాయగుచున్నదో వెదకి, శస్త్రచికిత్సాగారమున రెండు బల్లలు ప్రక్కప్రక్కన వేయించి, ఒకరి కంటి చికిత్స ముగియునప్పటికి రెండవవారు సిద్ధముగా నుండునట్లు చేసిరి. ఈయఁగలవారి రుసుముతో ఈయలేనివారి వ్యయము గడచినది. కంటిలో నమర్చు విదేశపు కటకములు మిక్కిలి ప్రియమై యుండఁగా, 1992లో ఆరోలాబ్ అను తయారీశాలను నెలకొల్పి వానినిచ్చటనే చేయించిరి. పరోపకారికి ధరవరలతో పనియేమని యడుగువారికి ఈ యుదాహరణము రుచింపదు గాఁబోలు.