కావడి కుండలు

కష్టసుఖాలు కావడి కుండలు అంటారు మన పెద్దలు. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళం ఏం మాట్లాడాలో తోచక ఈ సామెతే చెప్పి వస్తాం. నేనూ చాలాసార్లు చెప్పాను. ఒక కుండలో కష్టం, ఒక కుండలో సుఖం. ఈ రోజు కావడి ఇటు మొగ్గితే రేపు అటు మొగ్గుతుందని దాని భావం. కానీ కొల్లాపూర్ ప్రాంతంలోని ఒక పల్లెలో పంటల పండుగనాడు ఒక అవ్వ మాట విన్నప్పటి నుంచి ఆ సామెత నా నోట సులభంగా రావడం లేదు.

ఆ రోజు విశ్వాసులు వరి కంకులు, వేరుసెనగ, గుమ్మడికాయలు తెచ్చి పీఠం ముందు పెట్టారు. అవ్వ కూడా చేటెడు వడ్లు తెచ్చింది. పూజ అయ్యాక చెట్టు నీడన కూర్చున్నప్పుడు, “పంట బాగా వచ్చిందట కదా అవ్వా, దేవుని దయ” అన్నాను. ఆమె వెంటనే బదులివ్వలేదు. తర్వాత మెల్లగా అంది: “మంచిగనే పండింది బిడ్డా. కానీ ఈ నీళ్ళు మా ఊరి మీదికెల్లి వచ్చినవే గద.”

ఆ మాట అర్థం కావాలంటే 1981 సంగతి తెలియాలి. శ్రీశైలం జలాశయం నిండిన ఆ ఏడాది కృష్ణకు ఇవతల కొల్లాపూర్, అలంపురం వైపు, అవతల కర్నూలు జిల్లా వైపు సుమారు నూరు గ్రామాలు మునిగాయి. ప్రాచీనమైన గుళ్ళను కొన్నిటిని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మంచి పనే. ఇళ్ళకు మాత్రం ఆ భాగ్యం కలగలేదు. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళలో ఎందరో తిరుగుతూనే ముసలివాళ్ళయ్యారు.

ఆ జలాశయం నీటినే ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు మెట్లలో పైకి తోడి నాగర్‌కర్నూలు, వనపర్తి పొలాలకు ఇస్తోంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను చంకనేసుకుని దేశాలు పట్టిపోయి ఊరూరా కట్టలు పోసిన పాలమూరు కూలీలు కొందరు తిరిగి వచ్చి తమ చేలోనే నాట్లు వేసుకుంటున్నారు. మన కళ్ళతో చూస్తామనుకోని రోజు ఇది. అదే కృష్ణ 2009 అక్టోబరులో తుంగభద్రతో కలిసి అలంపురం ప్రాంతాన్ని ముంచేసింది కూడా.

అంటే కుండలు రెండు కావు. ఉన్నది ఒకటే కుండ, ఒకటే నీరు. అవ్వ వరిమడికి పారేది ఆమె పుట్టింటి గడప మీద నిలిచిన నీరే. మరి ఆ నీటికి ఆమె దేవునికి కృతజ్ఞత చెప్పాలా? చెబితే ఊరిని మరిచినట్టా?

ఇలాంటి చోట మనం తొందరపడి యోబును పిలుస్తాం. పోయినదానికి రెట్టింపు ఇచ్చాడు దేవుడు, చూశారా అంటాం. ఆ గ్రంథం చివరి అధ్యాయం నిదానంగా చదవండి. ఏడువేల గొర్రెలు పద్నాలుగు వేలయ్యాయి, మూడువేల ఒంటెలు ఆరువేలయ్యాయి. బిడ్డలు మాత్రం మునుపటి లెక్కే: ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. గొర్రెకు గొర్రె బదులు. బిడ్డకు బిడ్డ బదులవుతుందా? ఏ తల్లినైనా అడగండి. యోబు మొదటి పదిమందిని మరిచిపోయాడని ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. ఇక అన్నీ పరలోకంలో సరిపోతాయని చెప్పేవారున్నారు. పరలోకం మీద నాకు విశ్వాసముంది. అయితే ఈ మాటను తమ పొలం పోనివారే ఎక్కువగా చెప్పడం చూశాను.

యోహాను సువార్త ఇరవయ్యవ అధ్యాయంలో ఉత్థాన క్రీస్తు తలుపులు మూసుకున్న శిష్యుల మధ్యకు వచ్చి తన చేతులను, ప్రక్కను చూపుతాడు. శిష్యులు సంతోషించింది ఆ తరువాతనే. ఎంతోకాలం ఈ క్రమాన్ని నేను పట్టించుకోలేదు. మరణాన్ని గెలిచినవాడు మేకుల గుర్తులను మాన్పుకుని రాలేడా? కానీ గాయాలతోనే వచ్చాడు. వాటిని చూసే వారు ప్రభువును గుర్తుపట్టారు. క్రైస్తవ నిరీక్షణ అంటే నాకు ఇప్పుడు తోచేది ఇదే: గాయాన్ని దాచనక్కరలేని సంతోషం. రెండవ వాటికన్ మహాసభ 1965లో ఆధునిక ప్రపంచాన్ని గురించి వెలువరించిన పత్రం కూడా మొదటి వాక్యంలోనే మనుషుల ఆనందాన్నీ ఆశనూ, దుఃఖాన్నీ ఆందోళననూ ఒక్కచోట చేర్చి, అవన్నీ క్రీస్తు అనుచరులవి కూడా అంటుంది.

అవి ఎవరి దుఃఖాలు? మనవి మాత్రమే కావు. నిరీక్షణ జూబిలీ జరిగిన 2025లోనే, ఫిబ్రవరి 22న, నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ నుంచి పనికి వచ్చినవారు. మార్చిలో ఇద్దరి భౌతికకాయాలు దొరికాయి. ఒకప్పుడు పాలమూరు బిడ్డలు పరాయిచోట చేసిన పనిని ఇప్పుడు పరాయి బిడ్డలు మన గడ్డ మీద చేస్తున్నారు. ఆ సొరంగం నీరు చేరవలసింది ఫ్లోరైడుతో ఎముకలు వంగిన నల్లగొండ పల్లెలకు. ఆ నీరు వచ్చిననాడు అక్కడివారు సంతోషించాలి, తప్పకుండా సంతోషించాలి. ఆనాటి పూజలో ఆ ఎనిమిదిమంది కోసం ఒక ప్రార్థన కూడా ఉండాలి. మన పంటల పండుగలో మునిగిన ఊళ్ళ పేర్లు ఎన్నడైనా చదివామా? నేను వెళ్ళిన ఏ గుడిలోనూ వినలేదు.

“మీ ఊరు ఎట్లుండేది?” అని అవ్వను అడిగాను. బావి దగ్గర మొదలుపెట్టి వరసగా ఇళ్ళు చెప్పుకుంటూ పోయింది, ఎవరింటి పక్కన ఎవరిల్లో, ఎవరి వాకిట్లో వేపచెట్టో. ఎండాకాలం నీళ్ళు వెనక్కిపోతే పునాదులు తేలుతాయట, వెళ్ళి చూసి వస్తుందట. వచ్చాక మళ్ళీ మడికి నీళ్ళు కడుతుందట.

లేవబోతుంటే వచ్చే ఏడు పండుగకు కూడా రమ్మంది. “అప్పటికి మా పెద్దోని జీవో కాయితం సంగతి ఏమన్న తెలుస్తదేమో” అంది. ఆమె పెద్దకొడుక్కి అప్పటికే తల నెరిసింది.