పాత ట్యాబ్‌కు కొత్త పని

బిడ్డా, ఆ ట్యాబ్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తా అంటున్నవట, మీ అమ్మ చెప్పింది. దుకాణంల ఎంతిస్తరో నాకు తెలుసు. ఆ పైసలతో నెల కూరగాయలు కూడా రావు. ఇచ్చే ముందు ఈ పెద్దనాయన మాట జర విను. విన్నంక నీ ఇష్టం.

అది కొన్నది 2020లో. కరోనాతో బడులు మూతపడి, సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు మీ బాపు కువైట్ నుంచి పైసలు పంపిండు. టీవీ ముందట నీ తమ్ముడు, ట్యాబ్ ముందట నువ్వు. వచ్చినప్పుడు దాంట్లో ఆండ్రాయిడ్ 9 ఉండె, ఇప్పటికీ అదే ఉన్నది. తయారు చేసినోళ్లు ఒక్క మెట్టు కూడా ఎక్కించలేదు. ఏ కంపెనీయో పేరెత్తను. తక్కువ ధర సరుకులో చాలామట్టుకు ఇదే కథ.

సపోర్టు ఆగింది అంటే ట్యాబ్ ఆగినట్టు కాదు. గాజు అదే, స్పీకరు అదే, నిన్న ఆడిన వీడియో ఇయ్యాల కూడా ఆడుతది. ఆగిపోయింది లోపల సందులు మూసే పని. దొంగ చొరబడే సందు ఏదన్నా బయటపడితే గూగుల్ దాన్ని సరిచేసి ఇస్తది. దాన్ని మీ ట్యాబ్‌కు కుదిరేటట్టు మలిచి పంపవలసింది తయారు చేసిన కంపెనీ. ఆండ్రాయిడ్ 9కు గూగుల్ ఆ పనిని 2022 మొదట్లోనే బంద్ పెట్టింది. క్రోమ్ ఇంకొన్నేండ్లు ఈడ్చుకొచ్చి, 2025లో 138వ వెర్షన్‌తో ఆండ్రాయిడ్ 8, 9 రెండింటికీ దండం పెట్టింది. క్రోమ్ ఒక్కటే అయితే తీసేసి ఊరుకోవచ్చు. వేరే యాప్‌ల కడుపులో వెబ్ పేజీ చూపించే వెబ్‌వ్యూ అనే భాగం ఉంటది, అదీ అక్కడనే ఆగింది. నువ్వు తెరిచేది ఏ యాప్ అయినా లోపల తిరిగేది ఆ పాత ఇంజనే కావచ్చు.

ఫైర్‌ఫాక్స్ సంగతి వేరు. అది వెబ్‌వ్యూ మీద ఆధారపడదు, దాని ఇంజన్ దానిదే. 2025లో ఆండ్రాయిడ్ 5, 6, 7లను వదిలినా 8 నుంచి పైవాటిని పట్టుకొనే ఉన్నది. అందుకని నెట్‌లో ఏదన్నా చూడాలంటే క్రోమ్ మీద వేలు పెట్టకు, ఫైర్‌ఫాక్స్ తెరువు.

మా చక్కెర మిల్లు సంగతి నీకు కొత్త కాదు. నిజాం కాలంలో, 1937లో, బోధన్ షక్కర్‌నగర్‌లో పెట్టింది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసుతో మూతపడ్డది. చెరకు గుంజే మిల్లు పక్కన లేనంక చెరకు వేసుకుంటే చేతికేమొస్తది? రైతులు వరికి మళ్లిన్రు, సోయాకు మళ్లిన్రు. అంతేగానీ నిజాంసాగర్ నీళ్లు పారే పొలాన్ని పడావు పెట్టుకొని కూర్చోలేదు. నీ ట్యాబ్‌కూ నేను చెప్పేది అదే. పంట మార్చు.

వేయకూడని పంట ఏందంటే పైసలు. ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు యాప్, డిజిలాకర్, నీ మెమోల స్కాన్లు, ఆధార్ ఫొటోలు - ఒక్కటి కూడా దాంట్లో ఉండొద్దు. నీ అసలు జీమెయిల్ కూడా ఉండొద్దు. బ్యాంకుది, కాలేజీది, ఉద్యోగ దరఖాస్తులది అన్నిటి తాళం ఆ జీమెయిలే. ట్యాబ్ కోసం ఇంకో ఖాతా తెరువు, పాస్‌వర్డు వేరేది పెట్టు. సిమ్ ఉంటే తీసెయ్, ఓటీపీలు దానికి రానే వద్దు. సందులు మూయని ట్యాబ్‌లో బ్యాంకు యాప్ పెట్టుకునుడు కొరివితో తల గోక్కునుడే. ఫొటోలు, నోట్సులు ముందు కంప్యూటర్‌కో ఫోన్‌కో ఎక్కించుకొని, ఆ తర్వాత అన్నీ తుడిచెయ్.

తుడిచేటప్పుడు ఒక చిక్కున్నది. సెట్టింగ్స్‌లోకి పోయి పాత గూగుల్ ఖాతాను తీసేయకుండా ట్యాబ్ మొరాయించిందని బటన్లు వత్తి ఫ్యాక్టరీ రీసెట్ కొడితే, తిరిగి లేవంగనే ఆ పాత ఖాతా పాస్‌వర్డే అడుగుతది. దొంగతనం కాకుండా పెట్టిన తాళం అది. ఆన్‌లైన్ క్లాసుల కాలంలో ఎవరి జీమెయిల్ పెట్టి తెరిచిన్రో ఎవరికి యాదికుంటది? ముందు ఖాతా పేరు చూసుకో, పాస్‌వర్డు పనిచేస్తుందో లేదో చూసుకో, అప్పుడు తీసెయ్.

వాట్సాప్ వద్దనను. మీ బాపు ముఖం పెద్ద తెర మీద కనిపిస్తే మీ అమ్మకు ఎంత సంబురమో నాకు తెలుసు. నంబరు ఫోన్‌లోనే ఉంచి, లింక్డ్ డివైసెస్‌లో ట్యాబ్‌ను కలుపు. ఫోన్‌లో 14 రోజులు వాట్సాప్ తెరవకుంటే ట్యాబ్ దానంతట అదే తెగిపోతది, అది తప్ప వేరే ఇబ్బంది లేదు. గ్రూపుల్లో పీఎం కిసాన్ అని, చలానా అని, పెండ్లి పత్రిక అని ఏపీకే ఫైళ్లు తిరుగుతుంటయి. అవి ముట్టుకోవద్దని మీ అమ్మకు నువ్వే కూర్చొని చెప్పాలె. నేను చెప్తే బావగారి ముందట తలూపి ఊకుంటది. ఎప్పుడన్నా పైసలు పోయినయంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ కొట్టాలె.

ఇగ వేసుకోవలసిన పంట. నెట్ లేకున్నా నడిచేదే ఆ ట్యాబ్‌కు ఇయ్యాల్సిన పని. నువ్వు గ్రూప్స్ చదువుతున్నవు కదా. ఎస్‌సీఈఆర్‌టీ వాళ్ల పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతయి. ఆరు నుంచి పది దాకా సాంఘిక శాస్త్రం అంతా దించి పెట్టుకో. కివిక్స్ అనే యాప్ ఉన్నది, దాంతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక్క ఫైలుగా మెమరీ కార్డులో పెట్టుకోవచ్చు. 2003లో మొదలైన ఆ వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నయి. నిజాంసాగర్ ఎప్పుడు కట్టిన్రో చూడాలంటే సిగ్నల్ కోసం డాబా ఎక్కే పని లేదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు కుప్పలున్నయి, నాకు కూడా నాలుగు దించి పెట్టు. ఫోన్‌లో చదివితే మధ్యల ఇన్‌స్టా పిలుస్తది. ట్యాబ్‌లో పిలిచేవాళ్లు ఉండరు. ముసలి యంత్రంతో అదొక లాభం.

మీ అమ్మ చాట ముందట పెట్టుకొని తునికాకు కత్తిరించేటప్పుడు, బీడీలు చుట్టేటప్పుడు చేతులు రెండూ పనిలో ఉంటయి, చెవులు ఖాళీ. పాటలు, హరికథలు, ఒగ్గు కథలు కార్డులో నింపి వీఎల్‌సీలో వరుస పెట్టి ఇయ్యి. ఆ యాప్‌కు ఇంకా పాత ఆండ్రాయిడ్ అయినా చాలు. ప్రకటనలు రావు, మధ్యల ఆపి ఏదో ఒకటి నొక్కమనదు. వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా దానంతట అది పాడుతనే ఉంటది.

అంతా లోపల నింపి పెట్టుకోవాలన్న ఆలోచన సర్కార్లకూ వచ్చింది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ సర్కారు ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది, బైజూస్ పాఠాలు నెట్ లేకున్నా చూసుకునేటట్టు ముందే ఎక్కించి. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా కేసు మొదలైంది. ముందే లోపల పెట్టిన పాఠం మాత్రం అట్లాంటి రోజుల్లో కూడా చేతిలోనే ఉంటది, సర్వర్ వైపు చూడదు. అంతకు ముందు 2011 అక్టోబర్‌లో ఢిల్లీలో ఆకాశ్ అని విడుదల చేసిన్రు, యాదికుందా? నువ్వు చిన్నపిల్లవు. డేటావిండ్ అనే కంపెనీది, కూర్చింది మన హైదరాబాదులో. ఏడంగుళాల తెర, గోరుతో గట్టిగా వత్తితే గానీ కదలదు, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. ప్రపంచంలోనే చవక ట్యాబ్ అని పేపర్లన్నీ రాసినయి. 2021 సెప్టెంబర్ 27 నుంచి ఆండ్రాయిడ్ 2.3.7, అంతకు పాతవాటిలో గూగుల్ ఖాతా తెరవడమే కుదరదు. అంటే ఎక్కడన్నా ఒక ఆకాశ్ ఇంకా వెలుగుతుంటే, దాంట్లో మిగిలింది లోపలున్న సరుకే.

కొందరు పిల్లలు వేరే ఆండ్రాయిడ్ ఎక్కిద్దాం అంటరు. లీనేజ్ ఓఎస్ లాంటివి ఉన్నయి, తప్పుడు మాట కాదు. 2013 నాటి నెక్సస్ 7 ట్యాబ్‌ను గూగుల్ 6.0.1 దగ్గర వదిలేస్తే, ఇష్టంతో పనిచేసేవాళ్లు దాన్ని ఏండ్ల తరబడి కొత్త ఆండ్రాయిడ్‌ల మీద నడిపించిన్రు. అయితే ఆ ట్యాబ్‌కు అంత మంది ప్రేమికులుండిరి. నీ దానికి ఎవరున్నరు? లీనేజ్ వాళ్ల జాబితాలో సరిగ్గా నీ మోడల్ నంబరే ఉన్నదా చూడు. దగ్గర నంబరు కాదు, అదే నంబరు. లేకుంటే ఆ మాట మరిచిపో. ఎవరో ఎక్కడో పెట్టిన ఫైలు ఎక్కించి ట్యాబ్‌ను పలకగా మార్చుకోకు.

ఇంకొన్ని చిన్న పనులు. 32 జీబీ నిండిపోతే ఏ ట్యాబ్ అయినా నత్త నడకే, నాలుగైదు జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచు. అక్కరలేని యాప్‌లు తీయరాకుంటే డిసేబుల్ చెయ్. కార్డును ట్యాబ్ లోపలి జాగాలో కలపమని అడిగితే కలపకు, విడిగానే ఉంచు. రేపు ట్యాబ్ పోయినా కార్డు తీసి ఫోన్‌లో వేసుకోవచ్చు. డెవలపర్ ఆప్షన్లలో యానిమేషన్ స్కేల్ సగానికి తగ్గిస్తే జర చురుకైనట్టు కనిపిస్తది. ఏ సైటు తెరిచినా భద్రత లేదని భయపెడితే ముందు తారీఖు చూడు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన ట్యాబ్ ఒక్కోసారి ఏ పాత సంవత్సరంలోనో కూర్చుంటది, సర్టిఫికెట్లన్నీ తప్పని కొట్లాడుతది.

బ్యాటరీ విషయంలో మాత్రం నా మాట దాటకు. మన దగ్గర మే నెల ఎండ నీకు తెలుసు, 45 డిగ్రీలు దాటుతది. వంటింటి గూట్లో, రేకుల కింద, ఎండ పడే కిటికీలో దాన్ని పెట్టొద్దు. రాత్రంతా ఛార్జింగ్‌కు పెట్టి పడుకోవద్దు. 80 కాగానే తియ్యి, 20కి రాకముందే పెట్టు. లిథియం బ్యాటరీకి వేడిలో నిండుగా ఉండుడే అన్నిటికంటే చేటు. గోడకు తగిలించి పొద్దంతా కరెంటులో ఉంచి గడియారంగా వాడుకుందామని మీ తమ్ముడు అన్నడట, వాన్ని వద్దను. ఛార్జర్ పిన్ను వదులైందంటే సగం సార్లు దాంట్లో దూదే ఉంటది. ట్యాబ్ ఆపి, పండ్ల పుల్లతో మెల్లగా తియ్యి, గుండుసూది పెట్టకు.

తయారీదారులను అడిగేవాళ్లు లేకపోలేదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఒక మోడల్ ట్యాబ్‌ను అమ్మడం ఆపినంక కూడా కనీసం ఐదేండ్లు అప్‌డేట్‌లు ఇయ్యాలె, ఏడేండ్లు విడిభాగాలు దొరకాలె. మన దగ్గర 2022 డిసెంబర్‌లో వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, రిపేరు వివరాలు ఒకచోట దొరకాలని. మంచిదే. అప్‌డేట్‌ల మీద యూరప్ లాంటి కట్టుబాటు వచ్చినప్పుడు ఇంకా మంచిది. అందాక కొత్తది కొనేటప్పుడు ర్యామ్ ఎంత అని కాకుండా, ఎన్నేండ్లు అప్‌డేట్‌లు ఇస్తరు అని ముందు అడుగు. దుకాణంల పోరగానికి తెలవదు, కంపెనీ సైటులో నువ్వే చూసుకో.

ఒకటి మర్చిపోయిన. వెనక మూత ఉబ్బినట్టు గానీ, తెర అంచు లేచినట్టు గానీ కనిపిస్తే ఆ రోజుతో దాని పని అయిపోయింది. మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయొద్దు, పొడవొద్దు. మున్సిపాలిటీ చెత్త బండిలో వేయొద్దు, దాంట్లో నలిగితే మంట లేస్తది. పిల్లలకు దూరంగా, కాలే వస్తువులు లేని జాగాలో గట్టు మీద పెట్టి నాకు ఫోన్ చెయ్. బస్టాండు దిక్కు బ్యాటరీ మార్చే ఇద్దరు ముగ్గురు తెలుసు నాకు, అడిగి చూస్త. మార్చుడు దండగ అంటే తయారీదారు పెట్టిన ఈ-వేస్ట్ సెంటర్‌కు పంపుదాం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో పాత సరుకు రీసైక్లింగ్ బాధ్యత కంపెనీల మీదనే పెట్టిన్రు.

ఇప్పుడైతే ఉబ్బలేదు కదా. ఆదివారం మా ఇంటికి వచ్చేటప్పుడు ట్యాబ్, ఛార్జరు, పాత ఖాతా పాస్‌వర్డు రాసిన నోటుబుక్కు తీసుకరా. 64 జీబీ కార్డు నా దగ్గర ఒకటున్నది, కొనకు.