విదురుని కొలువు

బాల్యమున నా వద్ద అమరము వల్లె వేసిన శిష్యుడొకడు నేడొక కర్మాగారమున మేనేజరుగా నున్నాడు. గత మాసమున వచ్చి, నమస్కరించి, చాలసేపు మాటాడక కూర్చుండెను. పిమ్మట సంగతి చెప్పెను. రెండు నెలలలో ఒక విభాగమును మూసివేయుటకు యాజమాన్యము నిశ్చయించినది. వార్త బయటపడరాదని యాజ్ఞ. ఆ విభాగమున ఇరువదేండ్లుగా తనతో పనిచేసిన మేస్త్రీ యొకడు కుమార్తె పెండ్లికి అప్పు చేయబోవుచు, "ఈ ఉద్యోగముండగా తీర్చుకోలేనా సార్?" అని యతనినే అడిగెనట.

"చెప్పిన ద్రోహము, చెప్పకున్న పాపము. ఏమి చేయుదును గురువుగారూ?"

సేవకులతో పరిహాసములాడు ప్రభువును వారు లెక్కసేయరనియు, అతని రహస్యములను వెల్లడింతురనియు శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజును హెచ్చరించెను. నేను మొదట దానినే చెప్పితిని. శిష్యుడు తల వంచుకొనెను. అతడడిగినది పరిహాసమును గూర్చి కాదు గదా!

అప్పుడు విదురుడు స్మరణకు వచ్చెను. ఆయన ధృతరాష్ట్రుని మంత్రియై యుండియు, లక్కయింటి కుట్రను ఇతరులకు తెలియని మ్లేచ్ఛభాషలో ధర్మరాజునకు సూచించెను. మనమెల్లరము దీనినే చెప్పుకొందుము. కాని యది ప్రాణములు పోవు సందర్భము. దానిని సాకుగా గొని ప్రతి రహస్యమును బయటపెట్టరాదు. నాకు ముఖ్యముగా తోచునది వేరు. జూదసభలో ఆయన రాజు ఎదుటనే నిర్భయముగా పలికెను. పాండవులు అడవికేగిన పిదపను పలికెను. రాజు కోపించి పొమ్మనగా కామ్యకవనమునకు వెళ్ళెను. సంజయుని పంపి పిలిపింపగా మరల వచ్చి అదే కొలువున నిలిచెను. నీ కుమారులును పాండుకుమారులును నాకు సమానులే, వారు దీనులగుటచే మనసటు మొగ్గినదని ఆ యన్నగారితోనే చెప్పెను.

"నీవు యజమానితో ఇట్లు మాటాడితివా?" అని యడిగితిని. లేదనెను.

"ముందు అచ్చటికి పొమ్ము. కార్మికులకు ఇప్పుడే తెలుపుటకు అనుమతి కోరుము. ఒప్పుకొననిచో, అప్పు విషయమున నేను సలహా ఈయజాలనని మేస్త్రీతో చెప్పుము. 'తీర్చుకోగలవు' అని మాత్రము అనకుము."

"నన్నే పొమ్మన్నచో?"

నేను వెంటనే బదులీయలేకపోతిని. నెలనెలా పింఛను పుచ్చుకొను నాకు ఈ ధర్మము చెప్పుట సులభము. అతనికి చదువుకొను పిల్లలిద్దరు. సాయంకాలపు బస్సుకు వెళ్ళుచు, మరునాడే యజమానిని కలిసెదనని మాత్రము చెప్పెను.