దర్శనము – సహపంక్తి

తీర్థయాత్రకును దేశాటనమునకును భేదమేమని అడిగినచో సంకల్పమే భేదమని మన పెద్దలు చెప్పుదురు: పుణ్యమును కోరి బయలుదేరినది యాత్ర, వేడుకకై బయలుదేరినది విహారము. ఈ సమాధానము నాకు చాలలేదు. పల్నాటిలో ఒక దినము తిరిగినవాడు కన్నులతో గ్రహించునది ఎంత, విస్తరి ముందర కూర్చుండి గ్రహించునది ఎంత అని విచారించినకొలది, ధర్మమునకు రెండవదే గట్టి పరీక్ష యని తోచుచున్నది.

ఉదయమున మాచర్ల విడిచి, విజయపురి సౌత్‌లో లాంచి ఎక్కినవారు నాగార్జునకొండ చేరుదురు. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున త్రవ్వి బయల్పరచిన ఇక్ష్వాకుల విజయపురి నేడు సాగరు జలములక్రింద ఉన్నది. కొన్ని కట్టడములను మాత్రము కొండమీదికిని అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 14వ పాలనావత్సరమున బోధిసిరి యను ఉపాసిక ఇచ్చట ఒక చైత్యగృహమును సింహళ స్థవిరులకు సమర్పించినది. ఆ స్థవిరులు ధర్మమున ప్రసన్నులను గావించిన దేశములను వరుసగా పేర్కొనుచు, ఆమె శాసనము కాశ్మీర గాంధారముల వెంబడి చీనదేశమును సైతము స్మరించినది. ఆ చీనదేశమునుండియే ఏడవ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచి అభిధర్మము చదువుకొనెను. ఆయన తరువాత భారతదేశమునకు వచ్చిన ఇత్సింగు, మన భిక్షువులు కూర్చుండు పీటలను, చేతులు కడుగు విధమును, ఎంగిలి విచారమును ఎంత ఓపికతో వ్రాసిపెట్టెనో చూచినచో, అన్నము తిను తీరు ధర్మమునకు వెలుపలిదని ఆయన తలపలేదని తెలియును. నాగార్జునకొండ త్రవ్వకములలో భిక్షువుల గదులతోపాటు భోజనశాలలును బయల్పడినవి. నాకు అవి మహాచైత్యమునకు ఏమాత్రమును తీసిపోని పూజ్యస్థానములు.

మధ్యాహ్నమునకు మరలి వచ్చి, చంద్రవంక యొడ్డున చెన్నకేశవుని సేవించుకొనినవానికి ఈ సీమ పెట్టునది జొన్నరొట్టె. వేడినీళ్లతో కలిపిన పిండిని అరచేత తట్టి, పెనముమీద వేసి, పైన నీళ్లద్ది త్రిప్పువరకు ఆ ఇల్లాలి చేయి ఆగదు. అంచు పొంగిన రొట్టెను గోంగూర పచ్చడితోను, పచ్చి ఉల్లిపాయతోను ముందుంచి, "తినయ్యా, ఇంకోటి కాలుస్తన్నా" అనును. సాగరు కుడికాలువ రాకపూర్వము ఈ మెట్టనేల జొన్నను నమ్మియే బ్రతికినది. ఆ జొన్నకూటిని పరిహసించు చాటువులు శ్రీనాథుని పేర ప్రచారమున ఉన్నవి. కవి ఎంతటివాడైనను, పేదవాని కూటిని ఎగతాళి చేసిన ఆ పలుకులను మనము నేటికిని ముచ్చటగా వల్లించుట నాకు సమ్మతము కాదు.

ఇక పల్నాటి యుద్ధము జరిగిన కారెంపూడి. బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టెననియు, మాల కులమున జన్మించిన కన్నమదాసును కుమారునిగా స్వీకరించెననియు వీరగాథ చెప్పును. ఆలయమునకు రమ్మని పిలుచుటతో తృప్తిపడక ఆయన పంక్తికే ఏల పిలిచెను? దర్శనము కంటిపని. వేయిమంది నడుమ నిలిచి ఎవనికి వాడు దేవుని చూచి, ఎట్లు వచ్చినవాడు అట్లే వెడలిపోవచ్చును. ప్రక్కవాడెవడని అడుగకయే భక్తి సాగును. పంక్తిలో అది కుదరదు. ప్రక్కవాని మోచేయి తగులును. వాని విస్తరిలోని ముద్దయు నా విస్తరిలోని ముద్దయు ఒకే కుండలోనివి. అంతవరకు మాటలలో దాగిన అభేదము అచ్చట శరీరముతో ఒప్పుకొనవలసినదగును. అద్వైతమును ఉపన్యసించి, ఇంటికి వచ్చి పంక్తిభేదము పాటించిన పండితులను మన ఊళ్లు ఎందరినో చూచినవి. వారి శాస్త్రజ్ఞానము అసత్యమని నేననను. అది చేతివరకు దిగిరాలేదని మాత్రము అందును.

కార్తిక అమావాస్యతో మొదలై అయిదుదినములు సాగు వీరారాధనోత్సవములలో, రాచగావు, రాయబారము గడచిన పిమ్మట మందపోరునాడు నేటికిని అచ్చట చాపకూడు జరుగును. నాగులేటి యొడ్డున వీరుల కొణతములకు మ్రొక్కుటకై దూరప్రాంతములనుండి జనము వచ్చుదురు. మ్రొక్కినవారిలో ఎందరు ఆ పంక్తికి వచ్చి కూర్చుందురు, కూర్చున్నవారిలో ఎందరు ఊరికి మరలిన పిదప అదే ప్రక్కవానిని తమ ఇంటి భోజనమునకు పిలుతురు అనునదియే కారెంపూడికి వెళ్లినవాడు కన్ను తెరచి చూడవలసిన విశేషము.