ప్రాణలింగమునకు పట్టిన ధూళి

షట్‌స్థలములలో నాల్గవది ప్రాణలింగి స్థలము. భక్త, మహేశ్వర, ప్రసాది స్థలములను దాటిన సాధకుడు అరచేతి ఇష్టలింగమును తన ఉచ్ఛ్వాస నిశ్వాసములయందే దర్శించుట ఈ స్థలమున జరుగును. అనగా శరణులకు ఊపిరి వట్టి గాలి కాదు, లింగమునకు పీఠము. పూజాపీఠముపై దుమ్ము కనబడిన గృహిణి వెంటనే తుడిచివేయును. ఎదలోని పీఠముపై ఏండ్ల తరబడి దుమ్ము పేరుకొనుచున్నను ఇంటిల్లిపాదియు "పనిలో దగ్గు మామూలే" యని ఊరకుందురు. విభూతి ధరించవలసిన చోటు నుదురు, ఊపిరితిత్తులు కావు.

కోటగిరి, బోధన్ ప్రాంతములవారికి చెరకును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తియైన పిదప ఆ నీటితో తోటలు పెరిగెను. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము బోధన్ చెంత శక్కర్‌నగరమను ఊరినే నిలిపెను. 2015 డిసెంబరులో అది మూతపడినది. అయినను గానుగ ఎక్కడ తిరిగినను రసము పోగా మిగులునది పిప్పియే. దానిని పొయ్యిలో మండింతురు, అట్టలకును కాగితమునకును వాడుదురు, గుట్టలుగా నిల్వచేయుదురు.

పచ్చిపిప్పి వలన ఈ కీడు లేదు. కీడంతయు నిల్వలో నున్నది. మిగిలిన తీపియు తడియు కలిసి పిప్పి గుట్ట లోలోపల పులిసి వేడెక్కును. ఆ వేడిలో థర్మోయాక్టినోమైసిస్ సాకరీ యను సూక్ష్మజీవి వృద్ధిపొందును. నెలల తరువాత ఎండిన మోపును విప్పినపుడు దాని బీజములు దుమ్ముతో లేచి ఊపిరితిత్తుల అట్టడుగు గాలిగదుల వరకు పోవును. కొందరి శరీరము వానిని శత్రువులుగా నెంచి తిరుగబడును. 1941లో అమెరికా దేశపు లూసియానాలో జేమిసన్, హాప్కిన్స్ అను వైద్యులు దీనిని వర్ణించిరి. బగాసోసిస్ అని దీని పేరు. భారతదేశమున కూడ పిప్పితో అట్టలు చేయు పనివారియందు ఇది కనబడినది.

ఈ జబ్బు మోసము దాని వేళలో నున్నది. దుమ్ము పీల్చిన వెంటనే ఏమియు తోచదు. నాలుగు మొదలు ఎనిమిది గంటల పిమ్మట, అనగా పనివాడు ఇల్లు చేరి పడుకొన్న తరువాత, చలిజ్వరము, పొడిదగ్గు, ఆయాసము వచ్చును. అతడు దానిని చలిగాలి దోషమనుకొనును. కొన్నాళ్లు పని మానిన తగ్గును, మరల పోయిన తిరుగబెట్టును. ఇట్లు ఏండ్లు గడచినచో ఊపిరితిత్తుల మెత్తని కణజాలము మచ్చకట్టి బిగిసిపోవును. ఆ మచ్చ ఏ మందునకును మాయదు. క్షయయని పొరబడి నెలల తరబడి క్షయ మందులు మ్రింగినవారును ఉందురు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో వృత్తిరోగముల నడుమ బగాసోసిస్ పేరు స్పష్టముగా చేర్చబడినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దుమ్మును పుట్టినచోటనే లాగివేయు ఏర్పాటు చేయుమని యజమానిని ఆదేశించినది. కాగితముపై ధర్మము ఇంత ఉన్నను, తన పని పేరు వైద్యునికి చెప్పని రోగికి అది అందుట కష్టము.

ఇచ్చట కాయకమను మాటను సరిగా గ్రహింపవలెను. కాయకము కాయముతో చేయునది. కాయమును కాల్చివేయునది కాదు. దేహమునే దేవాలయముగా చూపిన బసవేశ్వరుడు ఆ దేవాలయమును కూలి రూకలకు కూల్చుకొమ్మని చెప్పలేదు. దగ్గుచు కూడ నోరు మెదపక పనిచేయువానిని గొప్ప కాయకయోగియని పొగడుట కొన్ని ఇండ్లలో కలదు. ఆ పొగడ్త పొరపాటు. అది ఓర్పు కాదు, ప్రాణలింగమునకు చేయు అపచారము.

ఈ అపచారములో పెద్ద పాలు పని ఇచ్చువానిది. ఆయ్దక్కి మారయ్య కథ అందరెరిగినదే. రాలిన బియ్యము నేరుకొని దాసోహము నడుపు ఆ శరణుడు ఒకనాడు ఎప్పటికంటె ఎక్కువ తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ దానిని వండక, అక్కరకు మించినది మరల పోసి రమ్మనెను. పిప్పిని తడుపుటకు నీటి ఖర్చు, దుమ్ము లాగు యంత్రమునకు కరెంటు ఖర్చు మిగుల్చుకొని, ఆ మిగులుతో మఠమునకు దాసోహము సమర్పించు యజమాని ఉన్నచో, ఆ గింజలను లక్కమ్మ పొయ్యి మీదికి ఎక్కించియుండెడిదా? మఠములు దాత పేరు శిలాఫలకముపై చెక్కించుటకు పూర్వము ఈ ప్రశ్న అడిగిన దోషము లేదు.

చేయవలసినది పెద్ద విద్య కాదు. పిప్పిని వీలైనంత త్వరగా వాడవలెను. నిల్వచేసినచో గాలి యాడునట్లు పేర్చి, వానకు తడియకుండ కప్పవలెను. పాతమోపు విప్పుటకు ముందు నీరు చల్లవలెను. లూసియానాలో ప్రొపియోనిక్ ఆమ్లమును చల్లి ఆ జీవుల పెరుగుదలను అడ్డిరి. ముఖమునకు చుట్టిన తువాలు పెద్ద నలుసులను ఆపును గాని ఈ బీజములను ఆపదు. ముక్కునకు నోటికి బిగువుగా అమరు వడపోత మాస్కు కావలెను.

నిజామాబాదు జిల్లాలో బీడీలు చుట్టు అమ్మలకును పొగాకు దుమ్ము ఇట్టిదే. చాటను పసిబిడ్డ ఊయెలకు దూరముగా పెట్టుట మొదటి జాగ్రత్త.

సాయంకాలపు జ్వరము, ఆయాసము మాటిమాటికి వచ్చువాడు వైద్యుడు అడుగకున్నను మూడు సంగతులు చెప్పవలెను: చేయు పని ఏది, ఆ పిప్పి ఎన్ని నెలల నిల్వది, పని మానిన నాళ్లలో జ్వరము తగ్గినదా లేదా.