పని ముగిసిన గుర్రము ఎవరిది?

ధ్యాన వాక్యములు: నిర్గమకాండము 23:4, 5, సామెతలు 12:10



మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పెద్దలకు జట్కా బండిని గూర్చి ఎవరును చెప్పనక్కరలేదు. రైలు దిగిన ప్రయాణికుని ఇంటికి చేర్చినది అదే. పురిటికి పుట్టింటికి వచ్చు ఆడపడుచును, ఆసుపత్రికి పోవు రోగిని మోసినది అదే. ఆటోలు, బస్సులు పెరిగిన తరువాత జట్కాలు మన వీధులనుండి తప్పుకొనినవి. ఇప్పుడు గుర్రము మనకు ఎక్కువగా పెండ్లి ఊరేగింపులోనే, పూలదండలతో, కనబడుచున్నది. అయితే ఊరేగింపు ముగిసి దీపములు ఆరిన తరువాత ఆ గుర్రము ఎక్కడ కట్టబడును? ఏమి తినును? దాని కాలు కుంటుపడిన దినమున, దాని చూపు మసకబారిన దినమున, అది ఎవరిది? ఈ మాసము ఈ ప్రశ్నను వాక్యపు వెలుగులో ధ్యానింతము.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అని మనవారు సామెత చెప్పుదురు. పని చేయక తినువానిని ఎగతాళి చేయుటకే ఆ మాట వాడుదురు. గాని దానినే తిప్పి చూడుడి. గ్రుడ్డిదైన గుర్రమునకు దాణా ఎందుకు తగ్గవలెను? దాని చూపు పోయినది గాని ఆకలి పోలేదు. చూపున్న దినములన్నియు అది మన త్రోవనే చూచి నడిచినది గదా!

మొదటిది: ఎరుగుట

సామెతలు 12:10లో నీతిమంతునికి ఒక గుర్తు ఇయ్యబడినది. అది అతని ప్రార్థన నిడివి కాదు, కానుక పరిమాణము కాదు. అతడు తన పశువు ప్రాణమును పట్టించుకొనును. హెబ్రీ మూలములో అక్కడనున్న మాటకు "ఎరుగును" అని అర్థము. దూరమునుండి జాలిపడుట సులభము. ఎరుగుటకు దగ్గరకు పోవలెను.

దగ్గరకు పోయి చూడుడి. గుర్రపు గిట్టలు మన గోళ్లవలె ఎల్లప్పుడు పెరుగుచుండును. ఆరు మొదలు ఎనిమిది వారములకొకసారి వాటిని చెక్కి సరిచేయనియెడల నడక చెడి అది కుంటిదగును. దాని దంతములు అరిగినకొలది పైకి వచ్చుచు, అంచులు వాడియై బుగ్గలను కోయును. అప్పుడు ఎదుట గడ్డి ఉన్నను నమలలేక చిక్కిపోవును. జీను ఒరసినచోట పుండు పడును. ఎండలో పనిచేయు గుర్రమునకు దినమునకు 40 లీటర్ల నీరైనను కావలెను. కడుపునొప్పి వచ్చినను అది మనవలె వాంతి చేసికొనలేదు. ఇన్ని బాధలున్నను నోరు తెరచి చెప్పుకొనలేదు. బిలాము గాడిద తన మొర చెప్పుకొనుటకు దేవుడే దాని నోరు తెరవవలసివచ్చెను (సంఖ్యాకాండము 22:28). మన వీధిలోని పశువునకు నోరు మనమే కావలెను.

అహాబు రాజు సంగతి జ్ఞాపకము చేసికొనుడి. మూడేండ్ల కరువులో అతడు గుర్రములు, కంచర గాడిదలు చావకుండ గడ్డి వెదకుచు దేశమంతయు తిరిగెను (1 రాజులు 18:5). కరువు చూచిన మన రాయలసీమవారికి ఆ వెదకుట తెలియును. అహాబు కూడ పశువులకొరకు గడ్డి వెదకెను. అయితే అతనికి రథములు లాగు గుర్రములు కావలసియుండెను. పనికివచ్చు పశువును కాపాడుకొనుట అహాబునకైనను చేతనైనది. ఇక బండి లాగలేని పశువుకొరకు గుప్పెడు గడ్డి వెదకువాడెవడో వానియందు నీతి కనబడును.

పశువుల మేలు కోరుట సంఘమునకు క్రొత్త పని కాదు. 1824లో లండను నగరములో ఆర్థర్ బ్రూమ్ అను ఆంగ్లికన్ గురువు, బానిసత్వమును ఎదిరించిన విల్బర్‌ఫోర్స్ మొదలగువారితో కూడి, పశువులపై క్రూరత్వమును మాన్పుటకు ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘపు అప్పులనిమిత్తము ఆయన చెరసాలకు సహితము పోయెను. మన దేశములో 1960లో పశుహింస నివారణ చట్టము వచ్చినది. ఆకలిదప్పులకు గురియగునట్లు పశువును విడిచిపెట్టుట, పనికి తగని స్థితిలోనున్న దానిచేత పని చేయించుట ఆ చట్టము ప్రకారము నేరములు. 1965 నాటి నియమములనుబట్టి బండికి కట్టిన పశువుచేత దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదు. వేడిమి 37 డిగ్రీలు దాటుచోట పగలు 12 మొదలు 3 గంటలవరకు దానిని కట్టనేకూడదు. నంద్యాల ఎండ వేసవిలో 40 డిగ్రీలు దాటుట మనకు తెలియనిదా?

రెండవది: అతనితో కలిసి

నిర్గమకాండము 23:5లో ఒక ఆశ్చర్యమైన ఆజ్ఞ ఉన్నది. నిన్ను ద్వేషించువాని గాడిద బరువు క్రింద కూలినయెడల నీవు ప్రక్కకు తప్పుకొనరాదు, దానిని విడిపింపవలెను. ఎట్లు? ఆ యజమానునితో కలిసి. అతని తిట్టి పశువును లాగికొని పొమ్మని దేవుడు చెప్పలేదు. పశువును లేపుటకు ఇద్దరు చెరియొక ప్రక్క పట్టినప్పుడు, పగ కూడ ఆ బరువుతోనే క్రిందికి దిగును.

ఎముకలు తేలిన గుర్రమును చూచి యజమానుని నిందించుటకు మనము తొందరపడుదుము. గాని ఆ యింట పొయ్యి వెలిగినదా అని ఎవరు అడిగిరి? గిరాకి లేని దినమున అతని బిడ్డలును, గుర్రమును కలిసియే పస్తుండును.

1930లో డోరతీ బ్రూక్ అను ఒక ఆంగ్ల స్త్రీ కైరో పట్టణమునకు వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధములో సైన్యమును మోసిన గుర్రములు యుద్ధము ముగియగానే అక్కడ అమ్మివేయబడి, ముసలితనములో ఎముకల గూళ్లై బండ్లు లాగుచుండెను. ఆమె 1931లో లండను పత్రికకు ఒక ఉత్తరము వ్రాయగా జనులు ధనము పంపిరి. ఆమె సుమారు 5,000 గుర్రములను వెలయిచ్చి కొనెను. వాటిలో ఎక్కువ భాగము బాగుపడు స్థితి దాటినవి; వాటికి కొన్ని దినముల విశ్రాంతి, కడుపునిండ మేత, బాధలేని మరణము మాత్రమే ఇయ్యగలిగెను. అయితే ఆమె అంతటితో నిలువలేదు. గుర్రములు చిక్కిపోయిన యిండ్లలో మనుష్యులును చిక్కిపోయియుండుట చూచి, 1934లో పేద యజమానుల పశువులకు ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రిని అక్కడ స్థాపించెను. "అతనితో కలిసి" అనగా ఇదియే.

మన దేశములోను 2015 జూన్ నెలలో బొంబాయి హైకోర్టు విహారపు గుర్రపు బండ్లను మాన్పవలెనని తీర్పు చెప్పినప్పుడు, గుర్రములతోపాటు వాటిమీద బ్రదికిన కుటుంబములకును దారి చూపవలెనని ప్రభుత్వమునకు చెప్పెను.

మూడవది: లేపుటతో పని ముగియదు

మంచి సమరయుని చూడుడి. అతడు గాయములు కట్టి ఊరకుండలేదు. పడినవానిని తన వాహనముమీద ఎక్కించి, పూటకూళ్ల యింటికి చేర్చి, రెండు దేనారములిచ్చి, ఇంకేమైనను ఖర్చయినయెడల మరల వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను (లూకా 10:34, 35). తప్పిపోయి వచ్చిన సహోదరుని పశువును నీ యింటనే ఉంచి, అతడు వెదకువరకు కాపాడవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 22:2). విడిపించుట ఒక గంట పని. నిలువబెట్టుట నెలల పని.

ఎండిపోయిన గుర్రము దొరకినప్పుడు ప్రేమకొలది దాని ముందు బుట్టెడు ఉలవ గుగ్గిళ్లు పోయకుడి. చాలకాలము పస్తున్న శరీరము ఒక్కసారిగా వచ్చిన గింజల మేతను ఓర్వలేక ప్రాణము పోవచ్చును. శుభ్రమైన నీరు, కొద్దికొద్దిగా అనేకసారులు గడ్డి, నీడ, విశ్రాంతి: మొదట ఇవి చాలును. పుండు ఉన్నయెడల ధనుర్వాతమునకు సూది వేయించవలెను. గుర్రములకు ఆ జబ్బు త్వరగా సోకును. గ్లాండర్స్ అను అంటురోగము లేదని రక్తపరీక్షవలన తెలియువరకు ఇతర గుర్రములతో కలుపరాదు. అది మనుష్యులకును సోకును. కాబట్టి పశువైద్యుని సలహా లేక మందు వేయకుడి. బాగుపడిన తరువాత దానిని ఎవరికి అప్పగింతుమో యోచింపవలెను. వారికి నీడ, నీరు, మేత కొనుటకు శక్తి ఉన్నవా? మరల ఊరేగింపులకు బాడుగకు తిప్పుదురా? నెలకొకసారి పోయి చూడగల వారెవరు? ఆ చూచువారు లేనిచో మనము దానిని ఒక కష్టమునుండి మరియొక కష్టమునకు మార్చినవారమే.

"అయ్యా, మా బిడ్డలకే చాలదు, గుర్రమునకు ఎక్కడనుండి తెచ్చెదము?" అని కొందరు అడుగుదురు. ఇది నిజమైన ప్రశ్నయే. పిచ్చుకలకంటె మీరు శ్రేష్ఠులని ప్రభువే చెప్పెను. అయినను వాటిలో ఒకటియు దేవునిచేత మరువబడదనియు ఆయనే చెప్పెను (లూకా 12:6, 7). నాతాను ప్రవక్త చెప్పిన కథలో గొఱ్ఱెపిల్లకు తన గిన్నెలోనిది త్రాగనిచ్చినవాడు ధనవంతుడు కాదు, పేదవాడు (2 సమూయేలు 12:3). పశువును ఇంటి బిడ్డగా చూచుట పేద యిండ్లకు ఎప్పుడును తెలిసినదే.

కాబట్టి సంఘముగా మనము చేయగలిగినవి ఇవి. వేసవిలో బోరింగు దగ్గర ఒక నీళ్ల తొట్టి నింపియుంచుడి. పెండ్లికి గుర్రమును బాడుగకు తెచ్చునప్పుడు దాని వీపు, కాళ్లు చూడుడి. పుండున్న దానిని, కుంటుచున్న దానిని ఎక్కకుడి, టపాకాయల నడుమ నిలువబెట్టకుడి. కర్నూలు కడప పెద్దరోడ్డు మీద విడువబడిన పశువు కనబడినయెడల దాటిపోవక పశువైద్యశాలకు తెలియజేయుడి. 1962 అను నంబరుకు ఫోను చేయుడి. యజమానుడు అన్యమతస్థుడైనను, మీకు సరిపడనివాడైనను, మొదట అతనిని పలుకరించుడి.

ప్రార్థింతము. పరలోకపు తండ్రీ, మనుష్యులను పశువులను కాపాడువాడవు నీవే. మాకొరకు బరువు మోసిన నోరులేని ప్రాణులను మేము మరచిపోకుండ చేయుము. వాటి యజమానుల కష్టమును చూచు కన్నులు మాకిమ్ము. మేము దేనికిని పనికిరానివారమై పడియున్నప్పుడు మమ్మును వెదకి లేవనెత్తిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.